చూపు – పట్టు: పాటపిట్టల వీక్షణం, ఛాయాగ్రహణం – ఒక నైతిక పరిశీలన

కీలక పదాలు: పక్షి వీక్షణం, ఛాయాగ్రహణం, నైషధ హంస, గిజిగాడు, కృష్ణా డెల్టా, అహింస

ఉపోద్ఘాతం

కృష్ణా డెల్టాలో కాలువలకు నీళ్ళు వదిలిన కొద్ది వారాలకే గట్ల మీది తాటిచెట్లకు, నీటిమీదికి వంగిన తుమ్మకొమ్మలకు గిజిగాడి గూళ్ళు వేలాడడం మొదలవుతుంది. బందరు కాలువ వెంట విజయవాడ నుంచి దిగువకు ఉదయంపూట వెళ్ళే వారికి ఇది పరిచితమైన దృశ్యం. ఇటీవలి కాలంలో ఆ గూళ్ళ కింద రెండు రకాల మనుషులు కనిపిస్తున్నారు. కొందరు మెడలో దుర్భిణి వేసుకొని, చిన్న పుస్తకంలో ఏదో రాసుకొని వెళ్ళిపోతారు. మరికొందరు ముంజేయంత కటకాన్ని ముక్కాలి పీటకు బిగించి గూటికి ఎదురుగా కూర్చుంటారు. ఇద్దరూ పక్షిని ప్రేమిస్తున్నామనే చెబుతారు. ఇద్దరూ దాన్ని చంపరు, పంజరంలో పెట్టరు. అయినా వారు చేసే పని ఒకటేనా?

ఈ ప్రశ్న పైకి కనిపించినంత చిన్నది కాదు. మరొక ప్రాణి సౌందర్యాన్ని అనుభవించే హక్కు మనిషికి ఎంతవరకు ఉంది, ఆ అనుభవం ఎప్పుడు స్వాధీనంగా మారుతుంది అన్న పాత ప్రశ్నకు ఇది కొత్త రూపం. వృత్తిగా ఛాయాచిత్రాలు తీసేవారిని, శాస్త్ర పరిశోధకులను పక్కన పెట్టి, కేవలం అభిరుచిగా పాటపిట్టలను చిత్రించేవారిని, వీక్షించేవారిని పోల్చి చూడడం ఈ వ్యాసం పరిధి. ఇందుకు తెలుగు మాటలను, మన కావ్యాల్లోని ఒక ఘట్టాన్ని, డెల్టాలోని ప్రత్యక్షానుభవాన్ని ఆధారాలుగా తీసుకుంటున్నాను.

పాటపిట్టలే ఎందుకు?

కొల్లేరు 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటితమైంది. 2002లో రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలో చేరింది. అక్కడి ఆటపాకలోనూ, గుంటూరు దగ్గరి ఉప్పలపాడు చెరువులోనూ గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు నీటి నడుమ చెట్ల మీద గూళ్ళు కడతాయి. చుట్టూ ఉన్న నీరే మనిషికి హద్దు గీస్తుంది. చూడదలచినవాడు గట్టు మీద నిలబడి చూడవలసిందే.

పాటపిట్టలకు అటువంటి కందకం లేదు. తేనెపిట్ట మన వరండాలోని తీగకు గూడు వేలాడదీస్తుంది. దర్జీపిట్ట పెరటి మొక్క ఆకులనే కుట్టుకొని అందులో పిల్లల్ని పెంచుతుంది. పిగిలిపిట్ట మనిషి ఎత్తు పొదలో గుడ్లు పెడుతుంది. వాటికీ మనకూ మధ్య ఉన్న హద్దు మన మర్యాద ఒక్కటే. అందువల్ల నైతిక ప్రశ్న ఇక్కడ మరింత సూటిగా ఎదురవుతుంది.

దీనికి తోడు పరికరాల స్వభావం ఒకటుంది. తేనెపిట్ట పొడవు సుమారు 10 సెంటీమీటర్లు. ఎనిమిదింతలు పెంచి చూపే దుర్భిణితో 10 మీటర్ల దూరం నుంచి చూస్తే అది మీటరుంపావు దూరంలో ఉన్నట్టు కనిపిస్తుంది. కంటికి అది చాలు. అదే పిట్టను అదే దూరం నుంచి 600 మిల్లీమీటర్ల కటకంతో తీస్తే, 36 మిల్లీమీటర్ల వెడల్పున్న పూర్తి ఫ్రేము మీద దాని బొమ్మ 6 మిల్లీమీటర్లే పడుతుంది. అంటే ఆరో వంతు. దాన్ని మూడో వంతు చేయాలంటే 5 మీటర్లకు జరగాలి. లక్షల రూపాయల కటకం చేతిలో ఉన్నా ‘ఇంకొంచెం దగ్గరికి’ అన్న ఒత్తిడి తగ్గదు. దుర్భిణి మనిషిని ఉన్నచోటే ఉండనిస్తుంది. కెమెరా అడుగు ముందుకు వేయమంటుంది. ఇది వ్యక్తి గుణదోషాలకు ముందే పరికరంలో ఉన్న మొగ్గు.

మాటలు చెప్పే సంగతి

తెలుగు పత్రికల్లో ‘కెమెరాలో బంధించారు’ అన్న ప్రయోగం సర్వసాధారణం. ఏ దురుద్దేశమూ లేకుండా, ప్రశంసగానే రాస్తారు. అయినా బంధించడం అన్న క్రియ ఊరకే వచ్చి చేరలేదు. పాత తరం వారు ‘బొమ్మ పట్టాడు’ అంటారు. పిట్టల్ని పట్టేవాడి పనికీ అదే క్రియ.

‘ఛాయాగ్రహణం’ అన్న మాట మరింత ఆలోచింపజేస్తుంది. గ్రహణమంటే పట్టుకోవడం, సూర్యచంద్రులను మింగేదీ గ్రహణమే, విషయాన్ని అర్థం చేసుకోవడమూ గ్రహణమే. రామాయణంలో సముద్రం మీదుగా ఎగిరే ప్రాణులను వాటి నీడను పట్టి కిందికి లాగి తినే సింహిక ఛాయాగ్రాహి. ఆధునిక కళకు పేరు పెట్టినవారు ఆమెను తలచుకొని ఉండరు. కానీ పట్టడం, మింగడం, గ్రహించడం అనే మూడు అర్థాలూ ఈ కళలో ఎప్పుడూ పక్కపక్కనే ఉన్నాయి. ఏ అర్థంలో ఛాయాగ్రహణం జరిగిందన్నది తీసినవాడి నడత వల్లనే తేలుతుంది.

ఇక ‘చూపు’. నామవాచకంగా అది దృష్టి. క్రియగా ఇతరులకు కనబరచడం. వీక్షకుడికి మొదటి అర్థంతో పని పూర్తవుతుంది. ఛాయాగ్రాహకుడికి రెండో అర్థం లేకుండా పూర్తికాదు. ఇతరులకు చూపడం తప్పు కాదు. కవిత్వమంతా అటువంటి చూపుడే. జాషువ ‘గిజిగాడు’ ఖండిక చదివి ఆ పిట్ట గూటివైపు మొదటిసారి తలెత్తి చూసిన పిల్లలు ఎందరో ఉంటారు. అయితే కవి చూపినదాన్ని చూడడానికి మరోసారి గూటి దగ్గరికి పోనక్కరలేదు. బొమ్మ అలా కాదు. ఒకరు చూపిన బొమ్మ మరొకరిని అటువంటి బొమ్మకోసం అదే గూటి దగ్గరికి తెస్తుంది.

నైషధంలోని హంస

చూడడానికే పట్టుకోవడం అన్న విషయాన్ని మన సాహిత్యం ముందే ఆలోచించింది. శ్రీహర్షుని నైషధీయచరితంలో, దానిని శ్రీనాథుడు తెలుగు చేసిన శృంగారనైషధంలో నలుడు ఉద్యానంలోని కొలను ఒడ్డున నిద్రిస్తున్న బంగారు హంసను మెల్లగా వెళ్ళి చేత్తో పట్టుకుంటాడు. చంపాలని కాదు, తినాలని కాదు. హంస విలపిస్తుంది. తాను ముసలితల్లికి ఒక్కగానొక్క బిడ్డననీ, భార్య ఇటీవలే ప్రసవించిందనీ, వారికి తానే దిక్కనీ మొరపెట్టుకుంటుంది. నలుడు కరిగిపోతాడు. నీ రూపం చూడాలనే పట్టుకున్నాను, చూశాను, ఇక నీ ఇష్టమొచ్చిన చోటికి పొమ్మని విడిచిపెడతాడు.

ఈ ఘట్టాన్ని సాధారణంగా కరుణరసానికి, నలుని దయాగుణానికి ఉదాహరణగా వ్యాఖ్యానిస్తారు. మన ప్రశ్న దృష్ట్యా ఇందులో మూడు అంశాలు గమనార్హం. మొదటిది, నలుని వాదం నేటి అభిరుచి ఛాయాగ్రాహకుని వాదమే: చూడడానికే కదా, హాని లేదు కదా. రెండోది, హంస తన దేహబాధను గురించి కాక గూటిని గురించి మాట్లాడుతుంది. పట్టుబడ్డది ఒక పక్షి. మూల్యం చెల్లించేది గూటిలో ఎదురుచూసే ప్రాణులు. మూడోది, నలుడికి ఆ సంగతి హంస చెబితే తెలిసింది. కావ్యంలో హంసకు మాట ఉంది. మన పెరటి తేనెపిట్టకు లేదు. దాని తరఫున ఆ మొరను మనమే ముందుగా ఊహించుకోవాలి. నీతి ఆ ఊహతోనే మొదలవుతుంది.

ఆచరణలో జరుగుతున్నది

మంచి బొమ్మకోసం చేసే పనుల్లో మూడింటిని ప్రత్యేకంగా పరిశీలించాలి. మొదటిది, రికార్డు చేసిన పాటను వినిపించి పిట్టను రప్పించడం. మగపిట్ట పాట మనకు మాధుర్యం. దానికి అది సరిహద్దు ప్రకటన, ఆడపిట్టకు పిలుపు. పెద్ద నల్లంచి తన తావులో పరాయి మగపిట్ట పాట వినగానే మేత మానుకొని ఎదుర్కోవడానికి వస్తుంది. లేని శత్రువు కోసం వెతుకుతుంది. మనం దాని భంగిమను మెచ్చుకుంటాం. పాటను ఎరగా మార్చడం పాటపిట్టకు చేసే విచిత్రమైన అవమానం.

రెండోది, మేత చల్లి రప్పించడం. మూడోది గూటి దగ్గర తీయడం. అడ్డువచ్చిన ఆకులు తుంచడం, కొమ్మలు పక్కకు కట్టడం. ఆ ఆకులే గూటికి గొడుగు, కాకికంట పడకుండా కాపాడే తెర.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ‘వేట’ను నిర్వచించేటప్పుడు చంపడం, వల వేయడంతోపాటు ఎర చూపడాన్ని, పక్షుల గుడ్లకు గూళ్ళకు భంగం కలిగించడాన్ని కూడా అందులో చేర్చింది. అంటే చట్టం దృష్టిలో వేటకు ఆయుధం తప్పనిసరి కాదు. ఇక్కడొక సామాజిక పక్షపాతాన్ని కూడా చెప్పుకోవాలి. బతుకు తెరువుకోసం ఉచ్చు పన్నిన పేదవాణ్ణి నేరస్థుడంటాం. సరదాకోసం స్పీకరుతో పిట్టను రప్పించిన ఉద్యోగిని నేర్పరి అంటాం. ఉచ్చును సమర్థించనక్కరలేదు. కాని ఒకే నిర్వచనంలోకి వచ్చే రెండు పనులకు రెండు పేర్లు పెట్టడం న్యాయం కాదు.

వీక్షకుడు నిర్దోషా?

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి వీక్షకుడు సాధువు, ఛాయాగ్రాహకుడు దోషి అన్న నిర్ణయానికి వస్తే అది తొందరపాటే. పక్షిశాస్త్ర చరిత్ర అలా లేదు. నెల్లూరులో వైద్యాధికారిగా పనిచేసిన జెర్డన్ స్థానికుల నోట విన్న తెలుగు పక్షినామాలను తన గ్రంథాల్లో నమోదు చేసి మన భాషకు మేలు చేశాడు. అయితే ఆ కాలపు శాస్త్రానికి ఆధారం తుపాకీతో కొట్టి తెచ్చిన నమూనాలు. సలీం అలీ పక్షుల లోకంలోకి వచ్చింది కూడా చిన్ననాడు ఎయిర్‌గన్‌తో కొట్టిన ఒక పిచ్చుక వల్లనే. ఆయన ఆత్మకథ ‘ద ఫాల్ ఆఫ్ ఎ స్పారో’ (1985) పేరులోనే ఆ సంగతి ఉంది. జెర్డన్ పేరుమీదనే పిలిచే పక్షి, మన కలివికోడి, అంతరించిందనుకున్నాక 1986లో కడప జిల్లాలో తిరిగి దొరికింది. స్థానికులు పట్టి తెచ్చిన ఆ మొదటి పక్షి బతకలేదు. తరువాతి పరిశోధకులు దాని జాడకోసం మనిషి అవసరం లేకుండా వాటంతటవే పనిచేసే కెమెరాలను పొదల్లో అమర్చారు. తుపాకీ చేసే పనిని, చేతిపట్టు చేసే పనిని కెమెరా చేయగలిగితే అది పక్షికి వరమే. బొమ్మ ఉంటే గుర్తింపులోని పొరపాటును ఇతరులు సరిదిద్దగలరు. చెరువు పూడ్చే ముందు అక్కడ ఏ పిట్టలుండేవో చెప్పే సాక్ష్యం అవుతుంది.

మరోవైపు వీక్షకుడికీ తనదైన లోభం ఉంది. జీవితకాలంలో ఎన్ని జాతులు చూశామన్న లెక్క కూడా సంపాదనే. అరుదైన పిట్ట వచ్చిందని తెలిసి పదిమంది దుర్భిణులతో పొలంగట్టున పడితే పైరూ నలుగుతుంది, పిట్టా బెదురుతుంది. జాబితాలో గీత గీయగానే ముఖం తిప్పుకొనేవాడికంటే ఒకే గిజిగాడిని నెలరోజులు చిత్రించినవాడే ఎక్కువ చూసి ఉండవచ్చు.

కనుక భేదం పరికరంలో మాత్రమే లేదు. అది కోరిక ఎక్కడ ముగుస్తుందన్నదానిలో ఉంది. 1930లో సలీం అలీ బొంబాయి సమీపంలోని కిహిమ్‌లో నిచ్చెన మీద కూర్చొని గిజిగాళ్ళను రోజుల తరబడి గమనించాడు. మగపిట్ట సగం కట్టిన గూటిని ఆడపిట్ట పరీక్షించి స్వీకరిస్తుందని, ఆ తరువాత మగపిట్ట మరో గూడు మొదలుపెడుతుందని ఆ గమనికవల్ల వెల్లడైంది. గిజిగాడు గూటిలో మిణుగురులను దీపాలుగా అతికిస్తుందని మనవాళ్ళు చెప్పుకుంటారు; ఓర్పుగా చూసినవారికి అక్కడ కనిపించేది తడిమట్టి ఉండలు. ఇటువంటి గ్రహణానికి పిట్ట తన పనిలో తానుండడం అవసరం. అది మనకేసి తిరగడం కాదు. మరో మాట. బొమ్మలో పాట ఉండదు. తెల్లవారుజామున పెద్ద నల్లంచి పాట విని, అది ఎక్కడుందో కనిపించకపోయినా తృప్తిగా తిరిగివచ్చిన వీక్షకుడి ఉదయం వృథా కాలేదు. బొమ్మ కోసం వెళ్ళినవాడికి అదే ఉదయం ఖాళీ.

ఒక స్వానుభవం

ఈ వ్యాసానికి ప్రేరణ పుస్తకం కాదు. నేను చేసిన తప్పు. నాలుగేళ్ళ కిందట వేసవి సెలవుల్లో ఉయ్యూరు దగ్గరి మా అమ్మమ్మగారి ఊళ్ళో పెరటి నందివర్ధనం చెట్టుకు దర్జీపిట్ట గూడు కనిపించింది. రెండాకుల మడత మధ్య మూడు పిల్లలు. ఆకు అడ్డుగా ఉండి నోళ్ళు సరిగా కనిపించడం లేదని, పైనున్న కొమ్మను దారంతో పక్కకు కట్టాను. అరగంటలో బొమ్మ వచ్చింది. దారం విప్పాలనుకున్నాను, తల్లి మళ్ళీ వస్తుందేమో, ఇంకొకటి తీద్దామనుకున్నాను, భోజనానికి పిలిస్తే వెళ్ళి, మరిచిపోయి నిద్రపోయాను. మే నెల ఎండ. సాయంత్రం గుర్తొచ్చి విప్పాను. మర్నాడు గూడు ఖాళీగా ఉంది.

కాకి తన్నుకుపోయిందో, ఎండకు సొమ్మసిల్లాయో, జెముడుకాకి వచ్చిందో చెప్పలేను. ఏ కారణమైనా ఆ దారం గుండానే వచ్చిందని మాత్రం అనుకుంటున్నాను. ఆ బొమ్మకు చాలా మెప్పులు వచ్చాయి. మా అమ్మమ్మ దాన్ని చూసి, “బొమ్మ తీసుకుంటే తీసుకున్నావు గానీ, దాని నీడ కూడా తీసేశావేంటే అమ్మాయ్?” అంది. ఆమెకు ఛాయాగ్రహణం అన్న మాట తెలియదు. ఛాయ అంటే ప్రతిబింబమే కాక నీడ అని కూడా అర్థమని నిఘంటువులో చదివిన నాకు, ఆ రెండో అర్థం ఆ రోజే తెలిసింది.

అభ్యంతరాలు – సమాధానం

ఒక పిట్ట గూటికోసం ఇంత చర్చా, డెల్టాలో చెరువులు పూడ్చి, చెట్లు కొట్టి, మందులు చల్లి చేస్తున్న నష్టం ముందు ఇదెంత అని అడగవచ్చు. పరిమాణం దృష్ట్యా ఆ ప్రశ్న సరైనదే. గూళ్ళున్న తాటిచెట్టును నరికినవాడు చేసిన నష్టం వంద కెమెరాలు చేయలేవు. అయితే చెట్టు నరికినవాడు పక్షిని ప్రేమిస్తున్నానని చెప్పలేదు. ప్రేమ పేరుతో చేసే హానికి వేరే విచారణ అవసరం. ఎందుకంటే దాన్ని చేసేవారికి అది హానిగా కనిపించదు. కరుణశ్రీ ‘పుష్పవిలాపం’లో పూవు నిలదీసింది పూలతోటను పాడుచేసినవాణ్ణి కాదు, పూజకోసం పూలు కోయవచ్చిన భక్తుణ్ణి. ఆ ఖండకావ్యం బలం అక్కడే ఉంది.

అట్లాగని చూపుకు ఏ స్వార్థమూ ఉండరాదని చెప్పడం అసాధ్యాన్ని కోరడమే. ముండకోపనిషత్తులో ఒకే చెట్టుమీది రెండు పక్షుల్లో ఒకటి పండు తింటుంది, మరొకటి తినక చూస్తుంది. మనిషి పూర్తిగా ఆ రెండో పక్షి కాలేడు. చూడడంలోని ఆనందం కూడా ఒక పండే. కానీ ఆ పండు తిన్నా చెట్టుకు తరగదు. గూటినుంచి తీసుకున్న పండు తరుగుతుంది. ఈ తేడాను పాటించడం సామాన్యునికి సాధ్యమే.

ఆచరణకు పనికివచ్చే ప్రశ్నలుగా దాన్ని ఇలా చెప్పవచ్చు. దూరాన్ని నిర్ణయించినది నేనా, పిట్టా? అది మేత తినడం, పాడడం మానివేసి నా వైపు చూస్తున్నదా? ఈ రోజు బొమ్మ రాకపోతే వచ్చినదారినే వెళ్ళిపోగలనా? ఈ మూడింటికీ నిజాయతీగా సమాధానం చెప్పగలిగినవాడి చేతిలో కెమెరా ఉన్నా అతడు వీక్షకుడే. చెప్పలేనివాడి చేతిలో దుర్భిణి ఉన్నా అతడు వేటగాడే. గూటి విషయంలో మాత్రం ఈ ప్రశ్నలు కూడా చాలవు; అక్కడ తీయకపోవడమే నియమం కావాలి. మూడో ప్రశ్నకు ఔనని చెప్పగలనని ఆ మధ్యాహ్నం నేనూ నమ్మాను.

ముగింపు

పాటపిట్టల ఛాయాగ్రహణానికి, వీక్షణానికి మధ్య భేదం ప్రధానంగా వదులుకోగలగడంలో ఉందని ఈ పరిశీలనవల్ల తేలుతున్నది. వీక్షణంలో అది సులభం, ఎందుకంటే చూడడంతో పని ముగుస్తుంది. ఛాయాగ్రహణంలో అది సాధన, ఎందుకంటే పరికరమూ, మెప్పూ, ‘ఇంకొకటి’ అన్న కోరికా దానికి ఎదురు నిలుస్తాయి. ఆ సాధన చేసినవారి బొమ్మలు పక్షికి రక్షణ, చేయనివారివి ఋణం.

నైషధంలో విడిచిపెట్టిన హంస ఎగిరిపోయి, తరువాత తనంతట తానే నలుని దగ్గరికి తిరిగివచ్చింది. దమయంతి కథ అప్పుడే మొదలైంది. పట్టుకున్నప్పుడు నలుడికి దొరికింది దాని రూపం మాత్రమే. నిజజీవితంలో పిట్టలు కృతజ్ఞతతో తిరిగిరావు. కాని గూటికి భంగం కలగని పెరట్లో మరుసటి ఏడూ అవి గూడు కట్టవచ్చు. మా అమ్మమ్మగారి నందివర్ధనానికి రెండేళ్ళు ఏ గూడూ లేదు. కిందటి వేసవిలో మళ్ళీ కనిపించింది. ఎన్ని పిల్లలున్నాయో నాకు తెలియదు. లోపలికి చూడలేదు.